వంటింటికి అందం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటి అలంకరణ పుస్తకాల్లోనూ ప్రకటనల్లోనూ కనిపించే వంటిళ్ళలో ఎక్కువ భాగం వంట జరగని గదులు. వాటిలో పొయ్యి మీద పొంగిన పాల మరక ఉండదు, సింకులో అంట్లు ఉండవు, మిక్సీ తీగ ఎక్కడా కనిపించదు, మసిగుడ్డ ఎక్కడ ఆరేస్తారో తెలియదు. అటువంటి బొమ్మను చూసి ముచ్చటపడి తెల్లని తలుపులూ, తలుపుల్లేని అరలూ, వాటిలో వరసగా గాజు సీసాలూ అమర్చుకున్నాక, ఏడాది తిరగకముందే అరల మీద జిడ్డు పేరుకుని, సీసాలు చేతికి అంటుకుంటూ, గట్టు మీద సగం చోటు సామానుతో నిండిపోయి విసుగు పుట్టడం చాలా ఇళ్ళలో జరుగుతున్నదే. లోపం ఆ ఇంటివారి అభిరుచిలో లేదు, శుభ్రతలోనూ లేదు. రోజుకు రెండు మూడు సార్లు తాలింపు పడే ఇంట్లో, వేపుళ్ళూ పులుసులూ రోటి పచ్చళ్ళూ నిత్యం నడిచే ఇంట్లో, వంటగదిని తీర్చిదిద్దవలసిన క్రమమే వేరు. నూనె ఆవిరి ఎటు పోతుంది, అంట్లు ఎక్కడ ఆగుతాయి, తడిగుడ్డ ఎక్కడ ఆరుతుంది అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు దొరికిన గదిలోనే రంగులూ దీపాలూ బొమ్మలూ నాలుగు కాలాలపాటు నిలుస్తాయి.

పాత తెలుగు ఇళ్ళకు ఈ సంగతి తెలుసు. మట్టి పొయ్యిల కాలంలో వంట ముగిశాక బూడిద ఎత్తి, పొయ్యిని పేడతోనో మట్టితోనో అలికి, దాని మీద పిండితో నాలుగు గీతల ముగ్గు పెట్టేవారు. ఆ ముగ్గు అలంకారమే అయినా, అలకని పొయ్యి మీద ఎవరూ ముగ్గు వేయరు గనుక, శుభ్రం చేయడం పూర్తయిందనడానికి అది గుర్తు కూడా. గోడలో కట్టిన గూళ్ళు, దూలానికి వేలాడే ఉట్టి, చిలక్కొయ్య, పైన అటక - ఇవన్నీ నేలను ఖాళీగా ఉంచడానికి చేసిన ఏర్పాట్లు. కూర్చుని వండే పద్ధతిలో నేలే గట్టు గనుక కత్తిపీట, చేట, సన్నికల్లు చెయ్యి చాపితే అందే దూరంలో ఉండేవి, పని కాగానే గోడకు చేరేవి. అలాగని ఆ గదుల మీద లేనిపోని మమకారం పెంచుకోనక్కర లేదు. వాటిలో వెలుతురు తక్కువ, పొగ ఎక్కువ; ఆ పొగతో ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ పడిన బాధ చిన్నది కాదు.

నిలబడి వండే పొయ్యి, ఒకే వరసలో సింకు, పైనా కిందా అలమరలు ఉండే ఇవాళ్టి వంటింటి నమూనాకు మూలాలు వెతికితే 1926 నాటి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం ఎదురవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఇళ్ళ కొరత తీర్చడానికి వాస్తుశిల్పి ఎర్న్‌స్ట్ మే ఆధ్వర్యంలో ఆ నగరం వేల సంఖ్యలో చిన్న ఇళ్ళు కట్టించినప్పుడు, వాటి వంటగదిని రూపొందించే పని వియన్నాకు చెందిన మార్గరెటె షుట్టె లిహోట్స్‌కీ చేపట్టారు. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ ఇంటిపనిలో వృథా అయ్యే అడుగులను లెక్కగట్టి 1912లో మొదలుపెట్టిన రచనలూ, రైలు భోజనశాలల్లోని ఇరుకు వంటగదులూ ఆమెకు దారి చూపాయి. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే ఉన్న ఆ గదిలో పంచదారకూ బియ్యానికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, కూర్చుని తరుక్కోవడానికి తిరిగే స్టూలు, తరుగుడు తుక్కును అక్కడికక్కడే తోసేయడానికి గట్టులోనే చిన్న సొరుగు అమరాయి. తలుపులకు వేసిన నీలి ఆకుపచ్చ రంగు కూడా ఈగలు ఆ రంగు మీద వాలవన్న నమ్మకంతో ఎంచుకున్నదే. దాదాపు 10,000 ఇళ్ళలో అమరిన ఆ వంటగది మీద విమర్శలూ వచ్చాయి. ఒక్క మనిషి మాత్రమే పట్టే ఆ గదిలో వండే స్త్రీ తక్కిన ఇంటికి దూరమైపోతుందన్నది వాటిలో ముఖ్యమైనది. ఫ్యాక్టరీలో నిర్ణీత కొలతలతో చేసిన పెట్టెలను ఇంటికి తెచ్చి బిగించే పద్ధతిని, అంటే నేడు మాడ్యులర్ కిచెన్ అంటున్న దానిని, ఆ ఫ్రాంక్‌ఫర్ట్ గదికి వారసురాలిగా చెప్పుకుంటారు.

అడుగుల లెక్క అక్కడితో ఆగలేదు. 1940లలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనల నుంచి పని త్రికోణం అన్న సూత్రం ప్రచారంలోకి వచ్చింది. పొయ్యి, సింకు, ఫ్రిజ్ - ఈ మూడింటినీ కలుపుతూ గీసిన త్రికోణంలో ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగుల మధ్య, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల మధ్య ఉంటే నడక తగ్గుతుందని దాని సారాంశం. తెలుగు ఇళ్ళలో ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరదు. ఆగ్నేయ మూలన పొయ్యి, తూర్పు ముఖంగా వంట అన్న వాస్తు నియమం చాలామందికి ముందే ఖాయమైపోయి ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఫ్రిజ్ తరచుగా భోజనాల గదిలోకి వెళ్ళిపోతుంది. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి విడిగా భోజనాల చోటు ఉన్న ఇంట్లో వంటగదికి అడిగే కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.8 మీటర్లే. ఇంత చిన్న గదిలో దూరం కంటే వరస ముఖ్యం. కూరగాయలు కడగడం, తరగడం, వండడం, దించడం ఏ క్రమంలో జరుగుతాయో అదే క్రమంలో సింకు, కనీసం రెండడుగుల ఖాళీ గట్టు, పొయ్యి, మళ్ళీ దించుకునేందుకు ఒక జానెడు చోటు వస్తే చాలు. పొయ్యికి సరిగ్గా వెనక కిటికీ ఉంటే మాత్రం గాలికి మంట చెదురుతుంది. వెలుతురు పక్క నుంచి రావడమే మేలు.

తెలుగు వంటింట్లో చోటు ఎంత ముఖ్యమో తాలింపు వేసేటప్పుడు తెలుస్తుంది. నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు దోరగా వేగడానికీ, ఆవాలు చిటపటలాడడానికీ, ఎండుమిర్చి నల్లబడకముందే కరివేపాకు పడడానికీ మధ్య ఉండేవి కొద్ది క్షణాలే. ఆ క్షణాల్లో ఇంగువ కోసం పై అరలో తడుముకోవలసి వస్తే తాలింపు మాడుతుంది, ఆ కంగారులో తీసిన నాలుగు సీసాలూ గట్టు మీదే మిగిలిపోతాయి. గుండ్రని స్టీలు పెట్టెలో ఏడు చిన్న గిన్నెలు, ఒక చిన్న చెంచా, ఒకే మూత ఉండే పోపుల డబ్బా ఈ చిక్కును ఎప్పుడో తీర్చింది. దానికి తగిన చోటు పొయ్యి పక్కన గట్టు కింద ఉండే మొదటి సొరుగు. పొయ్యికి నేరుగా పైన ఉండే అరలో పెట్టడం చూడడానికి బాగుంటుంది గాని, అన్నం గంజి ఆవిరీ పప్పు ఆవిరీ అక్కడికే చేరతాయి గనుక పసుపూ కారమూ ఉండలు కడతాయి. గరిటెలు, అట్లకాడ, పట్టకారు కూడా పొయ్యి మీదకు వంగకుండా చేతికందే చోట, గోడకు బిగించిన స్టీలు కడ్డీకి వేలాడితే ఒక సొరుగు మిగులుతుంది, తడి కూడా ఆరుతుంది. రోజూ వాడే వస్తువు కళ్ళెదుటే ఉండాలి, నెలకొకసారి తీసేది తలుపు చాటున ఉండాలి అన్న ఒక్క నియమం పాటిస్తే గట్టు సగం సర్దినట్టే.

నూనె ఆవిరి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. వేపుడు నుంచి లేచే సన్నని నూనె తుంపర గాలిలో తేలి, చల్లని గోడ మీదా అలమర పైభాగం మీదా వాలి, దుమ్ముతో కలిసి ఎండి బంకలా మారుతుంది. తలుపుల్లేని అరలు పొయ్యికి దగ్గరలో పనికిరావనడానికి కారణం ఇదే. రోజూ తీసి కడిగే పళ్ళాలూ గ్లాసులూ పెట్టేందుకైతే, అది కూడా సింకు వైపు గోడకైతే, అవి బాగానే ఉంటాయి. పొయ్యి మీద అమర్చే చిమ్నీల్లో రెండు రకాలున్నాయి. గొట్టం ద్వారా గాలిని ఇంటి బయటకు పంపేది ఒకటి, బొగ్గు వడపోత గుండా పంపి అదే గాలిని తిరిగి గదిలోకి వదిలేది రెండోది. రెండోది వాసనను కొంత తగ్గిస్తుందే గాని వేడినీ తేమనూ బయటకు పంపదు గనుక తాలింపులు పెట్టే ఇంటికి మొదటిదే తగినది. గ్యాస్ పొయ్యికి చిమ్నీ సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, గొట్టానికి వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ తేడా బాగా అనుభవమే. అక్కడ చాలా ఇళ్ళలో పొయ్యి మీద ఉండే మైక్రోవేవ్ అడుగున ఉన్న పంకా గాలిని మళ్ళీ గదిలోకే తోస్తుంది. మిరపకాయలు వేగగానే పొగ పసిగట్టే అలారం మోగుతుంది. అందుకే చేపల వేపుడు వంటివి పెరటి వసారాలోనో గ్యారేజీలోనో విడి పొయ్యి మీద చేసుకునేవారున్నారు. ఘాటైన వంటలకోసం ప్రధాన వంటింటి వెనక తలుపున్న చిన్న గదిని కట్టి స్పైస్ కిచెన్ పేరుతో అమ్మే బిల్డర్లు కూడా ఉత్తర అమెరికాలో ఉన్నారు.

గట్టుకు వేసే రాయి విషయంలో తెలుగు నేల అదృష్టవంతురాలు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, నలుపు మీద బంగారు చుక్కలు మెరిసే గ్రానైట్ బ్లాక్ గెలాక్సీ పేరుతో దేశదేశాల వంటిళ్ళకు ఎగుమతి అవుతున్నది. గ్రానైట్ వేడి గిన్నెకు చెక్కుచెదరదు, చింతపండు పులుపుకు రంగు మారదు. పాలరాయి సంగతి వేరు. దానిలో ఉండేది కాల్షియం కార్బొనేట్ గనుక నిమ్మరసమో చింతపండు పులుసో పడి ఆగిన చోట నునుపు పోయి మచ్చ మిగులుతుంది. ఈమధ్య ఆదరణ పెరిగిన క్వార్ట్జ్ పలకలను రాతిపొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి తయారుచేస్తారు. అవి నీళ్ళు పీల్చవు గాని, పొయ్యి మీద నుంచి దించిన బాణలిని నేరుగా పెడితే ఆ జిగురు దెబ్బతింటుంది. నల్ల గ్రానైట్‌కూ ఒక చిక్కుంది: పసుపు మరకను దాచే ఆ నలుపే బోరు నీటిలోని లవణాలు ఆరి తేలిన తెల్ల చారలను ఎత్తి చూపుతుంది. తడిగుడ్డతో తుడిచాక పొడిగుడ్డతో మరోసారి తుడవడమే దీనికి మందు. గట్టు వెనక గోడకు అతికించే డాడో పలకల విషయంలో పలక రంగు కంటే పలకల మధ్య సందు మీద శ్రద్ధ పెట్టాలి. తెల్ల సిమెంటు నింపిన సందు నూనెనూ పసుపునూ పీల్చుకుని నెలల్లోనే పచ్చబడుతుంది, ఎపాక్సీ నింపిన సందు పీల్చుకోదు. పెద్ద పలకలు వేస్తే సందులే తగ్గుతాయి. రంగుల ఎంపిక ఇంటివారి ఇష్టం. అయితే అద్దంలా మెరిసే లామినేట్ మీద వేలిముద్రలు కనిపించినట్టు మెరుపు లేనిదాని మీద కనిపించవు.

అలమరలకు వాడే చెక్క మీద మెరుగు ఎంత ఉందన్నది కాదు, లోపల ఏముందన్నది చూడాలి. ఐఎస్ 710 అన్న ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ మరిగే నీటిని కూడా తట్టుకునేలా అతికించినది. ఐఎస్ 303 ముద్రతో వచ్చే సాధారణ రకం మామూలు తేమకు ఓర్చుకుంటుంది. రంపపు పొట్టును అదిమి చేసిన పార్టికల్ బోర్డు సింకు కింద ఒక్క లీకుకు ఉబ్బిపోతుంది. డబ్బు తక్కువైతే సింకు కింద భాగానికైనా మంచి రకం వేయించి, పై అలమరల్లో పొదుపు చేయడం తెలివైన పని. గట్టు కింద లోతైన అరల కంటే బయటకు లాగే సొరుగులే నయం, ఎందుకంటే అర వెనక వరసలో పెట్టిన బెల్లం డబ్బా సంక్రాంతికి గాని గుర్తుకు రాదు. ఇక సిలిండర్‌ను కంటికి కనపడకుండా అలమరలో మూసేయడం అలంకరణ పేరుతో జరిగే పొరపాట్లలో అన్నింటికంటే ప్రమాదకరమైనది. వంటగ్యాస్ గాలికంటే బరువైనది గనుక లీకైనప్పుడు నేల మట్టానికి దిగి పోగవుతుంది. 14.2 కిలోల ఆ సిలిండర్ నిలువుగానే ఉండాలి, దాన్ని పెట్టిన అర తలుపుకు అడుగున గాలి ఆడే రంధ్రాలు తప్పక ఉండాలి, నారింజ రంగు సురక్షా గొట్టాన్ని అయిదేళ్ళు దాటకుండా మార్చాలి.

డబ్బాల విషయంలో గాజు, స్టీలు, ప్లాస్టిక్ అన్న తగవు పాతదే. గాజు సీసాలో సరుకు ఎంత ఉందో కనిపిస్తుంది, కానీ పసుపూ కారమూ వెలుతురుకు రంగు కోల్పోతాయి గనుక వాటికి స్టీలు డబ్బాయే సరి, పప్పులకూ అటుకులకూ గాజు చెల్లుతుంది. ఒకే కొలత, ఒకే ఆకారం ఉన్న డబ్బాలు అర మీద వరసగా నిలబడితే ఏ బొమ్మా అక్కరలేని నిండుదనం వస్తుంది. పెళ్ళి సారెగా వచ్చిన స్టీలు సామాను మీద చుక్కచుక్కగా చెక్కించిన పేరూ తేదీ ఇప్పటికీ చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. వాటిని అటక మీద మూటగట్టి, కొత్తగా కొన్న ఒకే రంగు ప్లాస్టిక్ డబ్బాలను అరల్లో పేర్చడంలో అర్థం కనపడదు. బియ్యం డ్రమ్ము, వెట్ గ్రైండర్ వంటి బరువైనవి అటక ఎక్కకూడదు, నేలకు దగ్గరగానో నడుం ఎత్తునో ఉండాలి. మిక్సీ రోజూ తిరిగే ఇంట్లో దాన్ని ప్లగ్గు పక్కనే గట్టు మూలన వదిలేయడం చిందరవందర అనిపించుకోదు.

ఎంత సర్దినా వంటింటి రూపు చెడగొట్టేవి అంట్లు. తెలుగు ఇళ్ళలో కుక్కరు, బాణలి, పెరుగు గిన్నె, నెయ్యి గిన్నె కలిసి సింకును పూటలో నింపేస్తాయి, పనిమనిషి వచ్చేది మర్నాడు పొద్దున. అందువల్ల కొత్త అపార్ట్‌మెంట్లలో వంటింటికి ఆనుకుని ఇస్తున్న వాష్ ఏరియాలో రెండో సింకు పెట్టించుకుని, లోపలి సింకును కూరగాయలకూ చేతులకూ మాత్రమే వాడుకోవడం పెట్టిన ఖర్చుకు మించిన ఫలితమిస్తుంది. తడి చెత్తకూ పొడి చెత్తకూ వేరువేరు డబ్బాలు కూడా అక్కడే ఉంటే మంచిది. మసిగుడ్డలకు గాలి తగిలే చోట ఒక కడ్డీ కావాలి. సింకు అంచున ముద్దగా పడి ఉన్న తడిగుడ్డ కంటికే కాదు, ముక్కుకూ తెలుస్తుంది.

ఇవన్నీ కుదిరాక అలంకారం వంతు వస్తుంది, అది కొంచెం చాలు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పాత్రలు గాని, పాత మరచెంబు గాని ఒక అర మీద ఒంటరిగా నిలిస్తే అందగిస్తాయి. ఇత్తడి గిన్నెలో పులుసు కాచదలిస్తే లోపల తగరపు పూత, అంటే కళాయి, ఉండి తీరాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇత్తడి త్వరగా మసకబారుతుంది గనుక చింతపండుతో తోమే ఓపిక లేనివారు ఒకటి రెండింటితో సరిపెట్టుకోవాలి. పింగాణీ జాడీ వంటి పనికొచ్చే అందం మరొకటి లేదు: ఉప్పుకూ పులుపుకూ దాని పూత చెదరదు, ఆవకాయ నిండాక వాసెన కట్టిన తెల్లగుడ్డతో సహా అది చూడముచ్చటైనదే. అంకుడు కర్రకు లక్కరంగులు పూసి ఏటికొప్పాకలో చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ లక్కపిడతలను ఆవిరి తగలని అరలో పెడితే రంగు నిలుస్తుంది. కిటికీలో పుదీనా కుండీ, గట్టు మీద నీడ పడకుండా పై అలమర అడుగున బిగించిన సన్నని ఎల్‌ఈడీ దీపపు పట్టీ ఉంటే మరేమీ అక్కరలేదు. ఆ దీపం 4,000 కెల్విన్ దగ్గరి తెలుపులో ఉంటే బియ్యంలో రాయీ పప్పులో పురుగూ కనిపిస్తాయి. పసుపు వెలుగు భోజనాల బల్ల మీదకు బాగుంటుంది. అద్దె ఇళ్ళలో గోడకు మేకు కొట్టే వీలుండదు గనుక నిలబెట్టే స్టీలు స్టాండు, తలుపు మీద తగిలించే కొక్కేలు, ఈ దీపపు పట్టీ - ఈ మూడింటితో చేయగలిగినంత చేసుకోవచ్చు.

కొత్తగా ఇల్లు కట్టించుకుంటున్నవారికి చివరగా గట్టు ఎత్తు గురించి ఒక మాట. తరుగుడుకు అనువైన ఎత్తు మోచేతి కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. 5 అడుగుల మనిషికి అది సుమారు 80 నుంచి 85 సెంటీమీటర్లు అవుతుంది. పాశ్చాత్య దేశాల్లో చలామణీలో ఉన్న 36 అంగుళాల కొలత, అంటే 91 సెంటీమీటర్లు, అక్కడి మనుషుల పొడవుకూ గట్టులోనే అమరిన పొయ్యికీ తగినది. ఇక్కడ గట్టు మీద విడిగా పెట్టే గ్యాస్ పొయ్యి మరికొన్ని అంగుళాలు లేపుతుంది, దాని మీద కుక్కరు ఎక్కాక గరిటె తిప్పే చెయ్యి భుజం దాకా లేవవలసి వస్తుంది. అందుకే పొయ్యి నిలిచే భాగాన్ని కొంత దించి కట్టించుకోవడమో, గట్టులో అమరే పొయ్యి ఎంచుకోవడమో చేయాలి. మేస్త్రీ గట్టుకు కొలత తీసే రోజున ఆ ఇంట్లో రోజూ వండే మనిషి అక్కడ నిలబడి, ముక్కలపీట మీద కత్తి ఆడించి చూసి ఎత్తు ఖాయం చేయాలి. గ్రానైట్ పరిచాక ఆ ఎత్తు మార్చాలంటే గట్టు మొత్తం పగలగొట్టడమే.